పుర్రెల రసికుడు

డెత్ మెటల్ సంగీతపు ఆల్బమ్‌ల అట్టబొమ్మల అభిమాని అమెరికాలో టాంపాలో దొరుకుతాడు, ఇంగ్లండులో లివర్‌పూల్లో దొరుకుతాడు. కానీ మేలురకం సరుకు జర్మనీదే. యాభై దాటిన వయసు, బట్టతల, బీమా కంపెనీలో లెక్కల ఉద్యోగం. రోడ్డు మీద ఒక్క బండి లేకపోయినా లైటు పచ్చబడేదాకా కాలు కదపడు. రక్తపరీక్షకి వెళితే సూది చూడలేక గోడకేసి తిరుగుతాడు. ఆయనగారి ముందుగదిలో మాత్రం ఒక శవం తన కడుపు తానే చీల్చుకుంటూ ఉంటుంది.

అది కానిబల్ కార్ప్స్ అనే బృందం వారి 1990 నాటి తొలి ఆల్బమ్ అట్ట. "అయ్యో, ఇదేం బొమ్మండీ!" అన్నారో, చిక్కారన్నమాటే. "అంచులు చూడండి, ఒక్క మడత లేదు" అంటాడు. మీరు పేగుల గురించి అడిగారని ఆయనకి తట్టనే తట్టదు. ఆ తర్వాత చిత్రకారుడు విన్సెంట్ లాక్ జాతకం విప్పుతాడు. కామిక్స్ గీసే మనిషట. 1997లో 'ఎ హిస్టరీ ఆఫ్ వయొలెన్స్' బొమ్మల నవల గీసిందీ ఆయనేనట. 2005లో అది సినిమా కూడా అయిందట. ఇదంతా చెబుతూ వేలిముద్ర పడకుండా అట్టని అరచేతుల మధ్య పట్టుకుని, ప్లాస్టిక్ తొడుగులోకి దించి, పైన మెత్తటి గుడ్డతో తుడుస్తాడు. సొంత పిల్లల ముక్కు కూడా అంత శ్రద్ధగా తుడిచి ఉండడు.

పిల్లలంటే గుర్తొచ్చింది. 1991 నాటి రెండో ఆల్బమ్ బొమ్మలో చంటిపిల్లలు వెనకాల వేలాడుతుంటారు. "అమ్మ వస్తోంది, ఆ పిల్లల్ని లోపల పెట్టు" అని భార్య కేకేస్తే, ఏ పిల్లలని అడక్కుండా లేస్తాడు.

ఇంతటి శాంతమూర్తికీ కోపం వస్తుంది. బొమ్మ మార్చి అమ్మిన అట్ట కనబడాలి, అంతే. జర్మనీ ప్రభుత్వం ఈ ఆల్బమ్‌లని పిల్లల కంటపడకూడని సరుకుగా జమకట్టేసింది. మొదటి మూడింటి పాటలు 2006 దాకా కచేరీల్లో పాడనివ్వలేదు. మన రసికుడు ఆ రోజుల్లోనూ కచేరీలకి వెళ్లాడు. ఆ పాటలే పాడమని పక్కవాళ్లు అరుస్తుంటే తను నోరు మెదపలేదు. నిషేధం నిషేధమే కదా! కోపమంతా ఇంటికొచ్చాక, అలమర ముందు.

ఇంకో పాత గాయం ఉంది. చిత్రకారుడు మైకేల్ వీలన్ వేసిన ఒక బొమ్మ మీద బ్రెజిల్ బృందం సెపల్చురా వాళ్లు ముందు మనసు పడ్డారు. చివరికది 1990లో అబిచ్యువరీ అనే మరో బృందం ఆల్బమ్ మీదికెక్కింది. కుదిరిన సంబంధాన్ని పక్కింటివాళ్లు ఎగరేసుకుపోయినట్టు, ఆ సంగతి ఈనాటికీ గొంతు తగ్గించి చెబుతాడు.

ఆ సంగీతం చేసేవాళ్ల వరసా ఇంతే. లివర్‌పూల్ బృందం కార్కస్ 1988లో తొలి ఆల్బమ్‌కి వైద్య పత్రికల్లోని శవపరీక్ష ఫొటోలు కత్తిరించి అతికించింది. అతికించినవాళ్లు శాకాహారులు! కానిబల్ కార్ప్స్‌లో గొంతు చించుకునే జార్జ్ ఫిషర్, ఆటస్థలాల్లో గాజుపెట్టెలోంచి కొక్కెంతో బొమ్మలు లాగే ఆటలో దిట్ట. గెలిచిన మెత్తటి బొమ్మల్ని పిల్లలకి పంచిపెడుతుంటాడు. ఈ వివరం మన రసికుడు చెప్పేటప్పుడు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటాడు.

నెత్తురు లేని వర్గం కూడా ఒకటుంది. వాళ్ల దేవుడు చిత్రకారుడు డాన్ సీగ్రేవ్. మార్బిడ్ ఏంజెల్ (1989), ఎన్‌టూమ్డ్ (1990) బృందాల అట్టలు ఆయనవే. పేగుల్లేవు, పాడుబడ్డ లోకాలున్నాయి. నన్నడిగితే బొమ్మలుగా నిలిచేవి అవే. ఈ మాట మన రసికుడింట్లో అనకండి.

ఇప్పుడాయన దిగులంతా సెల్‌ఫోను మీద. పాట వినకుండానే అట్ట చూసి డబ్బిచ్చిన తరం ఆయనది. ముప్ఫై సెంటీమీటర్ల బొమ్మ గోరంత అయిపోయాక అందులో ఉన్నది శిశువధో పూలగుత్తో తేలదు. జనం జడుసుకోవడం మానేశారని ఆయన గోల. తను మాత్రం ఏనాడూ జడుసుకున్నవాడు కాడు.

మీకెప్పుడైనా వాళ్లింటికి పిలుపొస్తే తప్పక వెళ్లండి. మర్యాదస్తులు, కాఫీ కూడా బాగా ఇస్తారు. కప్పు మాత్రం ఏ రికార్డు అట్ట మీదా పెట్టకండి.