ఒక్క స్క్రూ విప్పితే చాలేది

మొన్న ఆదివారం మా మేనల్లుడు కొత్త గేమింగ్ లాప్‌టాప్ చంకన పెట్టుకుని వచ్చాడు. చంకన అన్నది మాట వరసకే. దాన్ని మోయడానికి రెండు చేతులూ సరిపోతాయి, ఛార్జర్‌కి మూడో చెయ్యి కావాలి. ఇటుకరాయంత ఉంది. 330 వాట్లట. మా ఇంట్లో నాలుగు సీలింగ్ ఫ్యాన్లూ ఒక్కసారే తిరిగినా అంత కరెంటు తాగవు.

"మామయ్యా, ఇందులో 5080 గ్రాఫిక్స్ కార్డు ఉంది" అన్నాడు. వాడి మొహంలో వెలుగు చూసి నోరు మూసుకుందామనే అనుకున్నాను. నా వల్ల కాలేదు.

"ఎన్ని వాట్ల 5080 రా?"

"వాట్లేంటి మామయ్యా? 5080 అంటే 5080యే కదా!"

వాడి మొదటి ఉద్యోగం, మూడు లక్షల పైచిలుకు సరుకు, ఇంకా ఒక్క ఈఎంఐ కూడా కట్టలేదు. ఇలాంటి వాడికి అమ్మినవాడు ఆ ముక్క చెప్పొద్దూ? అదే 5080 ఒక లాప్‌టాప్‌లో 80 వాట్లతో సరిపెట్టుకుంటుంది, ఇంకోదాంట్లో 150 వాట్లు మింగుతుంది. తాగిన కరెంటును బట్టి పని. అట్ట పెట్టె మీద స్టిక్కర్ మాత్రం రెండింటికీ ఒకటే. డెస్క్‌టాప్‌లో పెట్టే 5080కి 10,752 కోర్లు, లాప్‌టాప్ 5080కి 7,680. దాని అన్న 5090 కథ ఇంకా అన్యాయం. డెస్క్‌టాప్‌లో 21,760 కోర్లు, 32 జీబీ మెమరీ, 575 వాట్లు. లాప్‌టాప్‌లో 10,496 కోర్లు, 24 జీబీ. లోపల ఉన్న చిప్పు డెస్క్‌టాప్ 5080లో వాడేదే. తమ్ముడికి అన్న చొక్కా తొడిగి పెళ్లిచూపుల్లో కూర్చోబెట్టారన్నమాట.

మా రోజుల్లో పేరు మోసం లేదని అనను. అబద్ధమాడితే సీటీసీలో నా తోటి దుకాణాల వాళ్లు నవ్విపోతారు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ, అదే చెనాయ్ ట్రేడ్ సెంటర్ అంటే తెలియని కంప్యూటర్ మనిషి అప్పట్లో ఉండేవాడు కాదు. అక్కడ నేను ఇరవై ఏళ్లు డబ్బాలు అసెంబుల్ చేశాను. 2002లో జీఫోర్స్ 4 ఎంఎక్స్ 440 అనే కార్డు వచ్చింది. పేరులో 4 అని ఉంది గానీ, లోపల చూస్తే రెండు తరాల వెనకటి జీఫోర్స్ 2కి దగ్గరి చుట్టం. అసలు జీఫోర్స్ 4లో ఉండే పిక్సెల్ షేడర్లు దీనికి లేవు. మాకూ పట్టలేదు, కొనేవాళ్లకూ పట్టలేదు. ఇడ్లీల్లా అమ్ముడుపోయాయి.

తర్వాతి ఏడాది ప్రిన్స్ ఆఫ్ పర్షియా, అదే శాండ్స్ ఆఫ్ టైమ్, వచ్చింది. కొన్ని నెలలకు మల్కాజిగిరి నుంచి ఒక ఇంజనీరింగ్ కుర్రాడు సీపీయూని స్కూటర్ ముందు నిలబెట్టుకుని వచ్చాడు. "అన్నా, గేమ్ ఓపెనే అయితలేదు" అన్నాడు. పిక్సెల్ షేడర్లు లేని కార్డు మీద ఆ గేమ్ అసలు మొదలే కాదు. అప్పటికి బజార్లోకి రేడియన్ 9550 దిగింది. డబ్బా పక్క మూత తీశాను, వెనక స్క్రూ ఒకటి విప్పాను, ఏజీపీ స్లాటు కొసన ఉండే గొళ్లెం నొక్కి పాతది లాగేశాను. కొత్త కార్డును వెండి కవరులోంచి తీసి నొక్కితే టక్కుమని కూర్చుంది. ఆన్ చేస్తే ఒక పొడుగు బీప్, రెండు పొట్టి బీపులు. అంటే కార్డు సరిగా అందలేదని లెక్క. మళ్లీ తీసి, బంగారు రంగు పళ్లను పెన్సిలు రబ్బరుతో రుద్ది, ఉఫ్ మని ఊది పెట్టాను. ఈసారి ఒకటే చిన్న బీప్. కుర్రాడు తేడా డబ్బులిచ్చి వెళ్లిపోయాడు. వాడి పాత కార్డు మూడో రోజుకల్లా డీటీపీ సెంటర్ ఆయన కంప్యూటర్‌లో చేరింది. పెళ్లిపత్రికలు కొట్టుకునేవాడికి పిక్సెల్ షేడర్లతో పనేముంది?

మోసం అప్పుడూ ఉంది. అయితే దాని ఆయుష్షు పావుగంట, మందు ఒక స్క్రూ. ఇప్పుడు ఆ పొరపాటునే మదర్‌బోర్డుకు టంకం పెట్టి అతికించి ఇస్తున్నారు.

లాప్‌టాప్ అంటే అంతే కదా మామయ్యా అంటాడు వీడు. అంతే కాదు. లాప్‌టాప్‌లోనూ ఊడొచ్చే కార్డులుండేవి. 2004లో ఎన్‌విడియా వాళ్లు ఎంఎక్స్ఎం అని ఒక పద్ధతి తెచ్చారు. పెద్ద రకం కార్డు 82 మిల్లీమీటర్ల వెడల్పు, 105 పొడవు. నా అరచేయంత. ఏలియన్‌వేర్ ఎం17ఎక్స్, ఎం18ఎక్స్‌ల్లో, క్లీవో వాళ్ల మందపాటి మోడళ్లలో అవే ఉండేవి.

2013లో కూకట్‌పల్లి నుంచి ఒకాయన అలాంటి లాప్‌టాప్ తెచ్చాడు. ఏ కంపెనీదో వదిలేయండి. అమెరికా నుంచి తిరిగొస్తూ తెచ్చుకున్నాడట. స్క్రీను మీద గీతలు. స్నేహితుడి చేత అక్కడి నుంచే జీటీఎక్స్ 680ఎం తెప్పించి నా చేతిలో పెట్టాడు. రాగి పైపుల హీట్‌సింక్ మీద నాలుగు స్ప్రింగు స్క్రూలు, పక్కన 1, 2, 3, 4 అని అంకెలు. వరస తప్పితే చిప్పు అంచు చిట్లుతుంది. ఊపిరి బిగబట్టి విప్పాను. కొత్త కార్డులో మెమరీ చిప్పుల ఎత్తు వేరు, పాత థర్మల్ ప్యాడ్లు అందలేదు. వేరేవి కోసి పెట్టాం. ఆన్ అయింది, కానీ డ్రైవర్ ఈ కార్డు నేనెరగనంది. దాని ఫైల్లో ఒక వరుస చేత్తో రాస్తేగానీ ఒప్పుకోలేదు. పొద్దున పదకొండుకు కూర్చుంటే సాయంత్రం దీపాలు పెట్టే వేళైంది. కార్డు ఒక పద్ధతిదే గానీ హీట్‌సింకూ బయోసూ ఎవరి గోల వారిదే. పేరుకు కామన్ బావి, చేద మాత్రం ఎవరిది వాళ్లు తెచ్చుకోవాలి. ఇంత చేసినందుకు ఆ లాప్‌టాప్ ఇంకో ఐదేళ్లు బతికింది.

ఆ బావి కూడా మెల్లగా పూడిపోయింది. అందరికీ పలచటి లాప్‌టాప్ కావాలి. సాకెట్ మీద కార్డు నిలబెడితే మందం. ప్రాసెసర్‌కీ గ్రాఫిక్స్‌కీ ఒకే రాగి పైపులు పంచితే బరువు కలిసొస్తుంది. ఈ వాదనలు నేను కొట్టిపారేయను, సగం నిజమే. మిగతా సగం మీకు తెలిసిందే, మూడేళ్లకు మళ్లీ కొత్తది కొనాలి కదా. 2019లో డెల్ వాళ్లు ఏలియన్‌వేర్ ఏరియా-51ఎం తెచ్చి గ్రాఫిక్స్ మార్చుకోవచ్చన్నారు. ఎంఎక్స్ఎం కాదు, సొంత ఆకారపు కార్డు. నాలాంటి వాళ్లం పండగ చేసుకున్నాం. తర్వాతి తరం 30 సిరీస్ కార్డులు దానికి రాలేదు. 2021లో అమెరికాలో డెల్ మీద కేసు కూడా వేశారు.

అతికిస్తే ఏమవుతుందో మా తరం 2008లోనే చూసింది. ఎన్‌విడియా లాప్‌టాప్ చిప్పులు కొన్ని వేడికి టంకం విడిచేసి చచ్చిపోతుంటే, ఆ కంపెనీయే 15 నుంచి 20 కోట్ల డాలర్లు పక్కన పెడుతున్నట్టు ప్రకటించింది. మా పక్క దుకాణంలో చిప్ లెవెల్ సర్వీసు కుర్రాళ్లు హీట్ గన్‌తో కాల్చి బతికించేవారు. రెండు నెలలకు మళ్లీ అదే లాప్‌టాప్, అదే కస్టమర్, ఈసారి తిట్లతో.

"ఇప్పుడూ మార్చుకునేవి ఉన్నాయి మామయ్యా" అని వాడే చెప్పాడు. నిజమే. ఫ్రేమ్‌వర్క్ 16 అని ఒకటుంది. 2024లో రేడియన్ 7700ఎస్‌తో ఇవ్వడం మొదలుపెట్టి, 2025లో అదే లాప్‌టాప్‌కు వెనక నుంచి తగిలించే 5070 మాడ్యూల్ ప్రకటించారు. ఆ వార్త చదివిన రోజు రెండో కప్పు కాఫీ అడిగి మరీ తాగాను. అయితే అది 5070. మావాడి చూపు 5080 దగ్గర ఆగింది. ఇక బయట పెట్టెలో డెస్క్‌టాప్ కార్డు పెట్టి వైరు తగిలించుకోవడం అంటారా, దానికంటే డబ్బానే కొనుక్కోవచ్చు కదరా అన్నాను. వాడు నవ్వాడు.

"మీ డబ్బాతో రైల్లో ఆడగలరా మామయ్యా?"

"నువ్వు ఆడగలవా? విమానంలో ఇబ్బంది పెడతారని బ్యాటరీ 100 వాట్ అవర్లు దాటనివ్వరు. నీ కార్డొక్కటే గంటకు 150 తాగుతుంది."

"ఛార్జర్ తీస్తే అదే తగ్గించుకుంటుంది."

"మరి అప్పుడది ఎంత 5080 రా?"

దానికి జవాబు రాలేదు. లోపల చూద్దాం అన్నాడు. టీపాయ్ మీద తెల్లకాగితం పరిచి, ఏ స్క్రూ ఎక్కడిదో గీసి పక్కన సెలోటేపుతో అంటించాను. పన్నెండు స్క్రూలు, రెండు రకాల పొడవు. అంచుల్లో క్లిప్పులు టపటపా ఊడుతుంటే మా చెల్లెలు వంటింట్లోంచే "అన్నయ్యా, వారంటీ!" అని కేక పెట్టింది. మూత లేచింది. రెండు ఫ్యాన్లు, రాగి పైపులు, ర్యాముకు రెండు స్లాట్లు, ఎస్ఎస్‌డీకి రెండు. ఆ మాత్రం దయ ఉంచారు.

"కార్డేదిరా?"

"ఆ పైపుల కింద ఉంటుంది మామయ్యా. కనబడదు."

కాసేపు ఇద్దరం పైపుల్నే చూశాం. దుమ్ము ఇంకా పట్టని రాగి బాగానే మెరుస్తోంది, ఒప్పుకోవాలి. నేను అటక మీంచి చెప్పుల డబ్బా దింపి ఆ ఎంఎక్స్ 440 కుటుంబంలో మిగిలిన ఒక కార్డు వాడి చేతిలో పెట్టాను. తిప్పి తిప్పి చూసి, "ఫ్యాన్ ఇంత చిన్నదా?" అన్నాడు.

మూత బిగించాం. పదకొండు స్క్రూలు పట్టాయి. కాగితం మీద పన్నెండోది మిగిలింది. నా బొమ్మలో దాని చోటు ఎక్కడా లేదు. లాప్‌టాప్ ఆన్ అయింది, గేమ్ కూడా ఆడింది. వాడు చూడకుండా ఆ స్క్రూని చెప్పుల డబ్బాలో వేసి అటక ఎక్కించాను.