ముల్లు నిలవని పద్యానికి టీకా తాత్పర్యం

నిలిచి చూడ ముల్లు నిలకడ లేదాయె
నడచి చూడ దారి నడక చెప్పు
ఇనుము చెంత నున్న నీశాన్యమును మార్చు
దూర మెరిగి పిదపఁ దూరవలయు

అవతారిక: లోకంలో మూలం ముందు పుడుతుంది, వ్యాఖ్యానం వెనక వస్తుంది. ఈ పద్యం మాత్రం వ్యాఖ్యానం కోసమే పుట్టింది కనుక పాఠాంతరాల బెడద లేదు. విషయం జియోకాషింగ్. ఒకరు చిన్న డబ్బాను ఎక్కడో దాచి దాని అక్షాంశ రేఖాంశాలు ప్రకటిస్తారు, ఇంకొకరు జీపీఎస్ పరికరం పట్టుకుని వెతుకుతారు. పౌరులకు అందే జీపీఎస్ సంకేతంలో అమెరికా ప్రభుత్వం కావాలని కలుపుతూ వచ్చిన దోషాన్ని 2000 మే 2న ఆపేసింది. మరునాడే ఆరెగాన్ రాష్ట్రంలో డేవ్ ఉల్మర్ తొలి డబ్బాను దాచాడు. దొరవారు కలిపిన దోషం పోయినా, ఆటగాళ్ల నోట ఒక ఫిర్యాదు మిగిలిపోయింది: "దిక్సూచి పిచ్చిపట్టినట్టు తిరుగుతోంది." ఈ పద్యం దానికి సమాధానం. సందర్భం కోసం హైదరాబాద్ ప్రగతి నగర్‌లో అంబీర్ చెరువు గట్టు మీద ఎవరో ఒక డబ్బా దాచారని అనుకుందాం.

ప్రతిపదార్థం: నిలిచి చూడ = కదలకుండా నిలబడి చూస్తే; ముల్లు = తెర మీది బాణపు గుర్తు; నిలకడ లేదాయె = ఒకచోట ఆగదు; నడచి చూడ = తిన్నగా కొన్ని అడుగులు వేసి చూస్తే; నడక = ఆ నడకే; దారి చెప్పు = వెళ్లవలసిన వైపును తెలుపుతుంది; ఇనుము చెంత నున్న = బైకు, కరెంటు స్తంభం, స్లాబులోని చువ్వలు మొదలైనవాటి దగ్గర ఉంటే; ఈశాన్యమును మార్చు = దిక్కులను తారుమారు చేస్తుంది; దూరము ఎరిగి = డబ్బా ఇంకా ఎన్ని మీటర్లుందో తెలుసుకుని; పిదపన్ = ఆ తరవాతనే; దూరవలయు = తిట్టవలసినదానిని తిట్టాలి.

తాత్పర్యం: తెర మీద కనిపించేది ఒకే బాణమైనా దాని వెనక సాక్షులు ఇద్దరు. డబ్బా ఏ దిక్కున ఉందో లెక్కకట్టేది ఉపగ్రహాలు చెప్పిన మన స్థానం. మన చేతిలోని పరికరం ఏ దిక్కుకు తిరిగి ఉందో చెప్పేది లోపలి అయస్కాంత సెన్సర్. రెండింటి తేడాయే బాణం. కాబట్టి బాణం తప్పితే ఏ సాక్షి అబద్ధమాడాడో విడదీయకుండా దిక్సూచిని దండించడం న్యాయం కాదు. విడదీసే కొలబద్ద దూరం. ఆకాశం బాగా కనిపించే చోట స్థానంలో ఐదు మీటర్ల తప్పు మామూలే. డబ్బా వంద మీటర్ల దూరంలో ఉన్నప్పుడు ఆ ఐదు మీటర్లు దిక్కును మూడు డిగ్రీలు కూడా తప్పించలేవు. అప్పుడు బాణం నలభై డిగ్రీలు పక్కకు చూపిస్తే నేరం సెన్సర్‌దే. అదే ఐదు మీటర్ల తప్పు డబ్బాకు ఐదు మీటర్ల దగ్గర బాణాన్ని ఎటైనా తిప్పగలదు, ఎందుకంటే డబ్బా ముందుందో వెనకుందో పరికరానికే తెలియదు. అక్కడ సెన్సర్ నిర్దోషి. వింత ఏమిటంటే, జనం దిక్సూచిని తిట్టడం మొదలుపెట్టేది సరిగ్గా ఈ రెండో చోటే. నాలుగో పాదంలో కవి "పిదప" అన్నది ఇందుకే.

రెండో పాదం పరీక్షా విధానం. చాలా చేతి పరికరాలు నడకలో ఉన్నప్పుడు అయస్కాంతాన్ని పక్కనపెట్టి, వెంటవెంటనే తీసుకున్న స్థానాలను కలిపి దిక్కు కడతాయి. నిలబడితే తప్పు చెప్పి, నడిస్తే ఒప్పు చెప్పే బాణానిది అయస్కాంత దోషం. నడిచినా తప్పితే స్థాన దోషం. గార్మిన్ ఈట్రెక్స్ 10 వంటి వాటిలో అయస్కాంత సెన్సర్ అసలు లేదు. నిలబడగానే వాటికి దిక్కు తెలియదు. అలాంటి పరికరం చేతపట్టి దిక్సూచి పాడైందనడం ఊళ్లో లేనివాడి మీద చాడీలు చెప్పడమే.

పూర్వపక్షం: "ఎనిమిది అంకె ఆకారంలో గాలిలో తిప్పితే సెన్సర్ సరిపడుతుంది కదా, ఇంత మీమాంస ఎందుకు?" అని కొందరు. సమాధానం: ఆ తిప్పడం పరికరంతో పాటు తిరిగే ఇనుమును మాత్రమే లెక్కలోంచి తీసేస్తుంది. కొత్తగా వేసిన బ్యాటరీల ఉక్కు తొడుగు, కవరుకున్న అయస్కాంతం ఈ కోవలోవి. బ్యాటరీలు మార్చాక మళ్లీ సరిచేయమని తయారీదారులు చెప్పేది అందుకే. బయట నిలిచి ఉన్న ఇనుము మనతో తిరగదు, కనుక దానికి ఈ మంత్రం పారదు. పైగా పార్క్ చేసిన బైకు పక్కన నిలబడి ఎనిమిదులు చుడితే, సెన్సర్ ఆ బైకు ప్రభావాన్ని కూడా కలుపుకుని సరిపడుతుంది. గట్టెక్కాక ఆ సవరణే కొత్త తప్పు అవుతుంది. వాస్తు చూసేవారు మూడో పాదాన్ని ప్రత్యేకంగా మననం చేయాలి. అపార్టుమెంటు హాల్లో ఫోన్ పెట్టి చూస్తే పూజగదిలో పడిన ఈశాన్యం, నాలుగడుగులు జరిగితే బాత్రూంలో పడుతుంది. దోషం ఇంటిది కాదు, స్లాబులోని చువ్వలది.

"దోషం మన నేలదే" అని ఇంకొకరు. నగరం కింద గ్రానైటు, దానిని చీల్చుకు వచ్చిన డోలరైటు గోడలు ఉన్న మాట నిజమే, వాటిలో అయస్కాంత గుణం ఉన్న మాటా నిజమే. అయితే అవి సన్నని పట్టీలు; వాటి ప్రభావం పట్టుకోవడానికి సున్నితమైన కొలత పరికరాలు కావాలి. పక్కనున్న బైకు చేసేంత అల్లరి అవి చేయవు. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) హైదరాబాద్‌లో 1964 నుంచి భూ అయస్కాంత పరిశీలనశాల నడుపుతూ, ఇంకొకటి నగరానికి దూరంగా చౌటుప్పల్‌లో పెట్టుకుంది. గొడవ నేలదే అయితే ఊరు దాటి ప్రయోజనమేమిటి?

"అసలు ఉత్తరానికీ అయస్కాంత ఉత్తరానికీ తేడా మరిచారు" అని మూడోవారు. ఇది ఆరెగాన్ వారికి చెల్లే ఆక్షేపణ. అక్కడ తేడా పదిహేను డిగ్రీల దరిదాపు. సెట్టింగు తప్పితే వంద మీటర్లకు పాతిక మీటర్లు పక్కకు పోతాం. హైదరాబాద్‌లో ఆ తేడా ఒక డిగ్రీ చుట్టుపక్కలే, వంద మీటర్లకు రెండు మీటర్లు కూడా కాదు.

విశేషం: మన ఊరు దిక్సూచికి పుట్టింటి వంటిది. భూమి అయస్కాంత బలంలో ముల్లును తిప్పేది నేలకు సమాంతరంగా ఉన్న భాగమే. ధ్రువాల వైపు పోయేకొద్దీ ఆ బలం నేలలోకి వాలిపోతుంది. ఆరెగాన్‌తో పోలిస్తే హైదరాబాద్‌లో ఆ సమాంతర భాగం దాదాపు రెట్టింపు. పాత రకం పరికరాన్ని పది డిగ్రీలు వంచి పట్టుకుంటే ఇక్కడ మహా అయితే నాలుగైదు డిగ్రీలు తప్పుతుంది, అక్కడ ఇరవై దాటుతుంది. ఇంత అనుకూలమైన చోట కూడా ముల్లు పిచ్చిదైందంటే, కారణం చేతికందే దూరంలోనే వెతకాలి. వంద మీటర్ల దగ్గర బైకుకు దూరంగా జరగాలి. ఐదు మీటర్ల దగ్గర పరికరాన్ని జేబులో పెట్టి, వంగి రాళ్ల సందులు చూడాలి.

ఫలశ్రుతి: ఈ పద్యం పఠించినవారికి డబ్బా దొరుకుతుందని హామీ లేదు. దొరకనప్పుడు ఎవరిని తిట్టాలో మాత్రం తెలుస్తుంది.