శివారు గోల

టీఎస్‌హెచ్ పెరిగిందంటే థైరాయిడ్ తగ్గిందని అర్థం. ఈ ఒక్క ముక్క మా చుట్టాలకి ఎక్కించలేక నా గొంతు పోయింది. అసలే జబ్బు కూడా అక్కడే.

మా గుడివాడ బావ వాదన మహా గట్టిది. "కాయితం మీద 18 అని ఉంది. పక్కన నాలుగున్నర దాటకూడదని ఉంది. అంటే నీకు థైరాయిడ్ ఎక్కువైందన్నమాట. ఎక్కువైనవాడికి మళ్లీ థైరాయిడ్ మాత్రే రాసిచ్చాడంటే ఆ డాక్టరు ఎక్కడ చదివాడో కనుక్కో బావా" అంటాడు. ఆయనది బియ్యం వ్యాపారం. అంకెల దగ్గర ఆయనతో పెట్టుకోకూడదు. మా బందరువాళ్లం మాత్రం తక్కువా? ఊళ్లో డాక్టరుగా ప్రాక్టీసు చేసిన పట్టాభి సీతారామయ్యగారే 1923లో ఆంధ్రా బ్యాంకు పెట్టారు. అప్పటినుంచీ అంకె పెరిగితే సంతోషించడం, తగ్గితే దిగులుపడటం తప్ప మాకింకోటి తెలీదు. అంకె పెరిగేకొద్దీ మనిషి దిగిపోయే లెక్క ఒక్క అప్పు ఖాతాలోనే చూశాం.

నాకు ఈ సంగతి బయటపడింది రోహిణి కార్తెలో. ఊరంతా ఉక్కపోతకి తడిగుడ్డలు కప్పుకుని పడుకుంటుంటే నేను ఫ్యాను ఆపించి స్వెట్టరు వెతికించాను. అప్పటికే ఒళ్లు బరువు, మాట మందం, మధ్యాహ్నం పడుకుంటే దీపాలు పెట్టేవేళకి లేవడం అన్నీ ఉన్నాయి. మా ఆవిడ వాటిని రోగంగా గుర్తించలేదు. "పెళ్లినాటినుంచీ చూస్తున్నా" అంది. స్వెట్టరు అడగడంతో భయపడి డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. ఆయన నన్ను కుర్చీ మీద మోకాళ్లేసి నిలబడమని, మడమ వెనక నరం మీద రబ్బరు సుత్తితో చిన్న దెబ్బ వేశాడు. పాదం ఠక్కున కదిలింది. మళ్లీ యథాస్థానానికి రావడానికి మాత్రం కాస్త ఆలోచించుకుని, తీరిగ్గా వచ్చింది.

"చూశారా, ఎంత నెమ్మదిగా వెనక్కి వస్తోందో! థైరాయిడ్ తక్కువున్నవాళ్లకి ఇలా ఉంటుంది" అన్నాడాయన.

"వాళ్ల వంశంలో అందరి కాళ్లూ అంతే డాక్టరుగారూ" అంది మా ఆవిడ.

రక్తపరీక్షలో 18 వచ్చింది. వీధిలో తెలిసినవాళ్లంతా "మగాళ్లకి కూడా వస్తుందా?" అని అడిగి మరీ వెళ్లారు. ఆడవాళ్లకి చాలా ఎక్కువగా వచ్చే మాట నిజమే. మగాళ్లకి నిషేధం మాత్రం లేదు.

బావకి నేను చెప్పలేకపోయిన సంగతి మా నాగాయలంక బాబాయికి ఒక్కసారికే అర్థమైంది. ఆయన చదువు ఎనిమిదో తరగతితో ఆగింది, సాగు కాలువ చిట్టచివర. ప్రకాశం బ్యారేజీ దగ్గర వదిలిన నీళ్లు పులిగడ్డ అక్విడక్టు మీదుగా దివిసీమలోకి దిగి, దారిలో ఉన్న ప్రతి తూముకీ మొక్కు చెల్లించుకుని, మిగిలితే బాబాయి బోదెలోకి వస్తాయి. మెదడు కింద పిట్యూటరీ అని ఓ చిన్న గ్రంథి ఉందని, గొంతులో థైరాయిడ్ ఇచ్చే టీ4 చాలకపోతే అది టీఎస్‌హెచ్ పంపి ఇంకా ఇమ్మని వెంటపడుతుందని, సరిపడా అందితే ఊరుకుంటుందని చెప్పాను. బాబాయి చుట్ట పక్కన పెట్టాడు.

"అంటే, కాలువలో నీళ్లు తగ్గితే శివారులో మేం గోల చేస్తాం. నీళ్లొస్తే నోరు మూసుకుని నాట్లేసుకుంటాం. మీ డాక్టరు లెక్క రాసుకునేది నీళ్లని కాదు, మా గోలని. అంతేనా?"

అంతే. పెద్ద పెద్ద పుస్తకాల్లో బాణం గుర్తులు గీసి చెప్పేది ఇదే.

"మరి నేరుగా నీళ్లే కొలవచ్చుగా?"

కొలుస్తారు. ఫ్రీ టీ4 అని రాసేది దాన్నే. కానీ నీళ్లు బెత్తెడు తగ్గితే గోల బారెడు లేస్తుంది. టీ4 ఇంకా హద్దుల్లోనే ఉండగా టీఎస్‌హెచ్ ముందే గీత దాటేసే కేసులు బోలెడు. "అది మామూలేగా, మేం ఎండకముందే అరుస్తాం. ఎండాక అరిచి ఏం లాభం?" అన్నాడు బాబాయి.

మందు మొదలెట్టిన పదిరోజులు తిరక్కుండానే బావ తనకి తెలిసిన ల్యాబులో సగం ధరకి నాకు మళ్లీ పరీక్ష చేయించాడు. 16 వచ్చింది. "మందు పనిచెయ్యట్లేదు, కంపెనీ మార్చు" అని తీర్పిచ్చాడు. లీవోథైరాక్సిన్ అనే ఈ మందు ఒంట్లో సగానికి తగ్గడానికే వారం పడుతుంది, అది నిలకడగా నిండి పిట్యూటరీ శాంతించడానికి ఆరునుంచి ఎనిమిది వారాలు కావాలి, అంతవరకూ పరీక్ష దండగ అని డాక్టరు ముందే చెప్పాడు. బావ వినలేదు. ఫోను బాబాయికిచ్చాను. "ఏమయ్యా అల్లుడూ, బ్యారేజీ దగ్గర పొద్దున గేటెత్తి, సాయంత్రం నాగాయలంకలో నీళ్లేవని అడిగితే లస్కరు ఏం చెప్తాడు?" అన్నాడాయన. గుడివాడవైపు నిశ్శబ్దం. వాళ్ల పొలాలు ఎగువన. వాళ్లకి ఎదురుచూడటం అలవాటు లేదు.

ఇక జనంలో చెలామణీ అయ్యే అంకెల సంగతి. బందరునుంచి బయల్దేరిన ప్యాసింజరు గుడివాడ జంక్షన్ చేరేలోపు కనీసం ఇద్దరి థైరాయిడ్ గురించి వినొచ్చు. 

"నాకు యాభై ఉందమ్మా."

"నాకు డెబ్బై అయిదు."

"మా ఆడపడుచుకి నూట పాతిక. పాపం, మంచి మనిషి."

అది రోగం అంకె కాదు, మాత్ర అంకె. 50 మైక్రోగ్రాములు, 75 మైక్రోగ్రాములు అని సీసా మీద ఉండేది. మనిషి బరువుని బట్టి, వయసుని బట్టి, గుండెని బట్టి, సొంత గ్రంథిలో ఎంత ఓపిక మిగిలిందన్నదాన్ని బట్టి డాక్టరు వేసే మోతాదు. 125 వేసుకుంటున్న ఆడపడుచు టీఎస్‌హెచ్ రెండు దగ్గర హాయిగా ఉండొచ్చు. 50 వేసుకుంటూ ఆమె మీద జాలిపడుతున్నావిడది పది ఉండొచ్చు. ఈ మాట నేను పై బెర్తు మీంచి చెప్పబోతే మా ఆవిడ కళ్లతోనే ఆపింది.

అసలు కష్టం మాత్రతో కాదు, కాఫీతో. మాత్ర పరగడుపున మంచినీళ్లతో వేసుకోవాలి. తర్వాత అరగంటనుంచి గంట దాకా కాఫీ ముట్టకూడదు. కాఫీ పేగుల్లో మందు ఒంటికి పట్టకుండా చేస్తుంది. ఇది రాసినవాళ్లెవరూ కృష్ణా జిల్లాలో పుట్టినట్టు లేదు. మా ఇంట్లో తెల్లవారడమనేది డికాక్షన్ దిగడంతోనే జరుగుతుంది. మాత్ర వేసుకున్నాక నేను పేపరు మొదటి పేజీనుంచి టెండరు ప్రకటనల దాకా చదువుతాను. అప్పటికీ టైము కాదు. సంతాప ప్రకటనల్లో వయసులు చూసుకుంటాను. వంటింట్లో మా ఆవిడ గ్లాసునుంచి గ్లాసుకి కాఫీ చల్లారుస్తూ ఉంటుంది. అది తన కాఫీయేనని, తనకి థైరాయిడ్ లేదని, ఎంత ఎత్తునుంచి పొయ్యాలో తనిష్టమని ఆవిడ వాదన. ఇది చాలదన్నట్టు మోకాళ్ల డాక్టరు కాల్షియం రాశాడు. కాల్షియానికీ ఐరన్‌కీ ఈ మాత్రకీ మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలిట. దాంతో కాల్షియం మధ్యాహ్నం భోజనానికి బదిలీ అయింది. మాత్రల సీసా వంటింటి గూట్లోంచి బీరువాలోకి మారింది. డబ్బాలో ఉప్పే చెమ్మగిల్లే మా బందరు గాలికి దాన్ని వదిలిపెట్టకూడదు కదా.

ఒళ్లు తగ్గుతుందని ఆశపడ్డాను. థైరాయిడ్ వల్ల పెరిగేది కొద్ది కిలోలేనని, అందులోనూ ఎక్కువ భాగం ఉప్పూ నీరేనని డాక్టరు చెప్పాడు. మిగతాది తొక్కుడు లడ్డుదే. దానికి మాత్ర లేదు.

నాగాయలంక పిన్ని మాత్రం మందులన్నీ అనవసరం అంటుంది. "సముద్రం పక్కనున్నవాళ్లకి అయొడిన్ తక్కువేవిట్రా? చేపలు సరిగ్గా తినవు, అదీ సంగతి." అయొడిన్ సముద్రపు సరుకే. 1811లో దాన్ని మొదట కనిపెట్టింది కూడా సముద్రపు నాచు బూడిదలోనే. మన ప్రభుత్వం గాయిటర్ మీద జాతీయ కార్యక్రమం 1962లోనే మొదలెట్టి ఉప్పులో అయొడిన్ కలిపిస్తోంది. అయొడిన్ అందుతున్నచోట ఈ జబ్బుకి ఎక్కువగా కారణం వేరు. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే థైరాయిడ్ మీద పడుతుంది. 1912లో హషిమోటో అనే జపాన్ డాక్టరు వర్ణించాడు కాబట్టి ఆయన పేరే పెట్టారు. నాదీ అదేనని యాంటీ టీపీవో పరీక్ష చెప్పింది. "సొంతవాళ్లే మీదపడ్డారా? మరి చెప్పవేం?" అని పిన్ని వెంటనే నమ్మింది. ఆవిడకి గట్టు తగాదాల అనుభవం ఉంది. నాకు మాత్రం చేపల పులుసు తప్పలేదు.

బావకి నచ్చిన వైద్యం ఒక్కటే. 1891లో ఇంగ్లండులో జార్జ్ మర్రే అనే డాక్టరు గొర్రె థైరాయిడ్ రసం తీసి ఒకావిడకి సూదిమందుగా ఇచ్చాడు. ఆవిడ కోలుకుని ఇంకో 28 ఏళ్లు బతికింది. ఆ లెక్కకి 870కి పైగా గొర్రెలు ఖర్చయ్యాయి. మరుసటేడు ఇంకో డాక్టరు సూది ఎందుకని, దాన్నే కాస్త వేయించి తినిపించాడు. బావ లేచి కూర్చున్నాడు. "వేపుడా? అది మానేసి ఈ మాత్రలేవిటయ్యా!"

ఆయనే మొన్న సంక్రాంతికి ఇంటిల్లిపాదికీ పండగ ఆఫర్లో డెబ్బై పరీక్షల ప్యాకేజీ చేయించాడు. రిపోర్టు పెళ్లి ఆల్బమంత వచ్చింది. సగం పేజీల్లో ఏదో ఒక అంకె నల్లగా లావుగా అచ్చయి ఉంది. ఆరోగ్యంగా ఉన్న నూరుమందిలో 95 మంది అంకెలు పడేచోట గీతలు గీస్తారు. మిగతా అయిదుగురూ ఆరోగ్యవంతులే, కాకపోతే లావు అక్షరాల్లో ఉంటారు. ఇరవై పరీక్షలు చేయిస్తే ఒకటన్నా గీత దాటే అవకాశం సగానికి మించే ఉంటుంది. డెబ్బై చేయించి ఒక్కటీ దాటకపోతే ల్యాబుకి ఫోన్ చెయ్యాలి. నా ఎల్‌డీఎల్ దాటింది. థైరాయిడ్ తక్కువైతే కొలెస్టరాల్ పేరుకోవడం ఉన్నదే, ముందు ఇది చక్కబడనిచ్చి తర్వాత చూద్దాం అన్నాడు డాక్టరు. నెయ్యి కూడా తర్వాతే చూద్దాం అంది మా ఆవిడ.

అందులో మా చెల్లెలి టీఎస్‌హెచ్ ఒక్కటే ముచ్చటగా, తక్కువగా వచ్చింది. చూస్తే మాత్రం మనిషి నాలాగే చలికి ముడుచుకుంటోంది, జుట్టు చేతికి వస్తోంది. ఆ జుట్టు కోసం బావ ఖరీదైన బయోటిన్ మాత్రలు తెచ్చి వాడిస్తున్నాడు. డాక్టరు ఆ సీసా చూడగానే నవ్వాడు. బయోటిన్ జోరుగా వాడేవాళ్లకి కొన్ని యంత్రాల మీద టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుందిట. ఒంట్లో ఏం మారదు, కొలతే తప్పుతుంది. "శివారులో అరుస్తూనే ఉన్నారు, రాసుకునే గుమాస్తాకే చెవుడు" అన్నాడు బాబాయి. కొన్నాళ్లు మాత్రలాపి మళ్లీ తీస్తే గీత దాటి పైకొచ్చింది. ఆ అమ్మాయికి యాభై రాశారు.

మిగిలిన సగం సీసా పారెయ్యడానికి బావకి మనసొప్పలేదు. ఇప్పుడు ఆయనే వేసుకుంటున్నాడు. ఆయన నెత్తిన వెంట్రుక మొలుస్తుందన్న భయం నాకు లేదు. ఆ సీసా అయ్యేదాకా ఏ ల్యాబువాడూ ఆయనకి ఆఫరు పెట్టకుండా ఉంటే చాలు.