అంచున కూర్చునే జనం: ఒక పోలీస్ స్టేషన్ బెంచీ ఆత్మకథ

నేను టేకు బెంచీని. ముగ్గురు హాయిగా, నలుగురైతే సర్దుకుని కూర్చోవచ్చు. వెనక వాలడానికి మూడు అడ్డపట్టీలున్నాయి. కానీ పోలీస్ స్టేషన్ వరండాలో ఉన్నన్నాళ్లూ ఆ పట్టీలకు వీపు ఆనించినవాళ్లు చాలా తక్కువ. జనం నా అంచునే కూర్చునేవారు, పిలిస్తే చటుక్కున లేవడానికి వీలుగా. ఫిర్యాదు ఇవ్వడానికి వచ్చినవాళ్లూ అంతే, ఫిర్యాదులో పేరున్నవాళ్లూ అంతే. సైకిలు పోయిందని చెప్పుకోవడానికి వచ్చిన కుర్రాడు కూడా తనే దొంగ అయినట్టు మోకాళ్లు దగ్గరికి ముడుచుకునేవాడు. కూర్చున్న తీరును బట్టి ఎవరు బాధితుడో ఎవరు నిందితుడో నేనెప్పుడూ పోల్చుకోలేకపోయాను.

నేను పుట్టింది జైల్లో. రాజమండ్రి జైలుకు 1864లోనే సెంట్రల్ జైలు హోదా వచ్చింది. అక్కడి వడ్రంగి షెడ్డులో ఖైదీలు ప్రభుత్వ ఆఫీసులకు బల్లలూ కుర్చీలూ చేస్తారు. నన్ను చేసినవాడు యావజ్జీవ ఖైదీ. రంపం, చిత్రిక, వార్నిష్ సంగతులు ఇప్పుడెందుకు గానీ, ఒకటి మాత్రం గుర్తుంది. నా ముందు అంచును అతను తనకు చెప్పిన కొలత కన్నా గుండ్రంగా, నున్నగా తీశాడు. ఎందుకురా అంత శ్రమ అని పక్కవాడు అడిగితే, "స్టేషన్లో ఎవరూ వెనక్కి వాలరన్నా. అంచునే కూర్చుంటారు. తొడ ఒరుసుకుపోద్ది" అన్నాడు. నా గురించి అంత ఆలోచించిన మనిషి ఆ తర్వాత నాకు తగల్లేదు.

లారీలో శ్రీకాకుళం జిల్లాకు వచ్చాను. అప్పటి 5వ నంబరు, ఇప్పటి 16వ నంబరు జాతీయ రహదారి పక్కన ఒక స్టేషన్. చుట్టూ ఉద్దానం పల్లెలు, జీడి తోటలు, కొబ్బరి తోటలు, అవతల సముద్రం. స్టేషన్ పేరు చెప్పను. ఇలాంటివి చాలా ఉన్నాయి.

నాకు ఎదురుగా గోడకు ఒక బోర్డు ఉండేది. డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు 1996లో చెప్పినవి దాని మీద రాసి పెట్టారు. అరెస్టు చేస్తే కాగితం రాయాలి, సాక్షి సంతకం ఉండాలి, ఇంట్లోవాళ్లకు కబురు చేయాలి. సాక్ష్యం కోసం ఆడవాళ్లను స్టేషన్‌కు పిలవకూడదని, వాళ్లున్న చోటికే వెళ్లి అడగాలని అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 160వ సెక్షన్ అంతకుముందు నుంచే చెబుతూ వచ్చింది. ఆ బోర్డు ఎదురుగానే ఒక తల్లిని తెచ్చి నా మీద కూర్చోబెట్టారు. కొడుకు ఏదో తగాదాలో దెబ్బలు కొట్టి పారిపోయాడు. వాడు వస్తే నువ్వు వెళ్లిపోవచ్చు అన్నారు. "నాకేటి తెలుస్తాది బాబూ, నాకు సెప్పి ఎల్లినాడేటి" అని ఆవిడ అడిగిన ప్రతివాడికీ చెప్పింది. రాత్రి కూడా నా మీదే ఉంది. స్టేషన్లో జరిగిన ప్రతిదీ రాయవలసిన జనరల్ డైరీలో ఆవిడ పేరు లేదు. చట్టం ప్రకారం ఆవిడ అక్కడ లేదు మరి. అరెస్టయినవాణ్ని 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలని రాజ్యాంగం చెబుతుంది. అరెస్టు అని రాయకుండా ఊరికే కూర్చోబెట్టినవాళ్లకు ఆ గడియారం తిరగడమే మొదలుకాదు. అలా గడియారం తిరగని మనుషుల్ని ఎంతమందినో మోశాను.

నా కుడికాలి మీద ఒక గాడి ఉంది. బేడీల గొలుసు ఒరిసి పడిన గాడి. మనిషిని మామూలుగా బేడీలు వేసి ఉంచకూడదని సుప్రీంకోర్టు 1980లోనే తీర్పు ఇచ్చింది. గొలుసు రెండో కొన నా కాలికి కట్టి ఉంటే, పొలం గట్టు తగాదాలో వచ్చిన ఒక రైతు తెల్లవార్లూ కదిలినప్పుడల్లా ఆ చప్పుడుకు తనే ఉలిక్కిపడ్డాడు. నా మీద కిళ్లీ ఉమ్మారు, బ్లేడుతో పేర్లు చెక్కారు, విరిగిన పట్టీని ఎవరూ బాగుచేయించలేదు. అవన్నీ ఓర్చుకున్నాను. ఆ గాడిని మాత్రం ఇప్పటికీ ఓర్చుకోలేను.

అలాగని ఆ వరండాలో మంచి జరగలేదని చెబితే పాపం చేసినవాడినవుతాను. ఒక రైటర్ ఉండేవాడు, హెడ్ కానిస్టేబులు. పిటీషన్ ఇవ్వడానికి వచ్చినవాళ్లను తన బల్ల దగ్గరికి పిలిచేవాడు కాదు. తనే బయటికి వచ్చి నా మీద వాళ్ల పక్కన కూర్చునేవాడు. "ఏ ఊరు మామ్మా? ఏటైనా తిన్నావా?" అని మొదలుపెట్టేవాడు. చదువు రానివాళ్లకు రాసింది మొత్తం చదివి వినిపించేవాడు. ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలన్నది చట్టం. అతను దాన్ని మడతపెట్టి చేతిలో పెట్టి, ఇది జాగ్రత్త అని చెప్పేవాడు. అతను మాట్లాడుతుండగా నా మీది మనుషులు కొంచెం కొంచెంగా వెనక్కి జరిగేవారు. ఒకరోజు బదిలీ ఉత్తర్వు వచ్చింది. మర్నాటి నుంచి మళ్లీ అంచు. అతని మంచితనం అతనితో పాటే బదిలీ అయిపోయింది. తర్వాత వచ్చినవాడు "రేపు రా", "ముందు రాజీకి ప్రయత్నించండి" అనేవాడు. కాగ్నిజబుల్ నేరం, అంటే వారంటు లేకుండానే అరెస్టు చేయదగ్గ నేరం గురించి చెబితే ఎఫ్ఐఆర్ కట్టి తీరాలని 2013 నవంబరులో సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చి చెప్పాక కూడా, కాళ్లు అరిగేలా తిరిగినవాళ్ల చెప్పుల చప్పుడు నాకు తెలుసు.

పోలీసుల అలసట కూడా నాకు తెలుసు. బందోబస్తు నుంచి వచ్చి బూట్లు విప్పకుండానే నా మీద వాలిపోయిన కానిస్టేబుళ్లను మోశాను. పండగకు ఇంటికి వెళ్లలేక ఫోన్లో పిల్లకు సర్దిచెబుతూ ఏడ్చినవాడున్నాడు. 2019 జూన్‌లో ఆంధ్రప్రదేశ్‌లో పోలీసులకు వారానికొక రోజు సెలవు ప్రకటించినప్పుడు వరండా అంతా సంబరం. ఆ సెలవు నిలకడగా అందలేదు. నిద్ర లేని మనిషి నోటి నుంచి మొదట వచ్చేది విసుగు. అది పడేది నా మీద కూర్చున్నవాళ్ల మీద.

2010 జులై 14న సోంపేట బీల అనే చిత్తడి భూముల దగ్గర కాల్పులు జరిగాయి. థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దన్న రైతులూ మత్స్యకారులూ ఒకవైపు, పోలీసులు ఒకవైపు. మనుషులు చనిపోయారు. ఆ వెంటనే ఆ ప్రాజెక్టు పర్యావరణ అనుమతిని అప్పీలు అథారిటీ రద్దు చేసింది. అంటే ఆ జనం అడిగినదాంట్లో న్యాయం ఉందన్నమాటే. తర్వాతి ఏడాది కాకరాపల్లిలో ఇలాంటి పోరాటంలోనే మళ్లీ కాల్పులు, మళ్లీ చావులు. మా జిల్లాలో ఖాకీకీ పల్లెకూ మధ్య అప్పుడు పడిన దూరాన్ని ఏ మైత్రీ సమావేశమూ పూడ్చలేకపోయింది. కేసుల్లో ఇరుక్కుని బెయిలు షరతు ప్రకారం సంతకం పెట్టడానికి వచ్చే రైతులు నా మీద అసలు కూర్చునేవారే కాదు. నిలబడే సంతకం పెట్టి, ఎవరి మొహమూ చూడకుండా వెళ్లిపోయేవారు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. జీడి చెట్లూ కొబ్బరి చెట్లూ ఒక్క రాత్రిలో నేలకొరిగాయి. రేకులు ఎగిరిపోయిన ఇళ్లవాళ్లు పిల్లలతో స్టేషన్‌కు పరుగెత్తుకొచ్చారు. సెంట్రీ తలుపులు బార్లా తీశాడు. నా మీద ఒక పసివాణ్ని పడుకోబెట్టి, వాడి మీద కానిస్టేబులు రెయిన్‌కోటు కప్పారు. తెల్లారాక అదే కానిస్టేబుళ్లు గొడ్డళ్లూ రంపాలూ పట్టుకుని రోడ్డుకు అడ్డంగా పడిన చెట్లు నరికారు. మూడేళ్లు తిరగకుండానే, 2021 ఫిబ్రవరిలో, కాశీబుగ్గ ఎస్సై శిరీష పొలాల్లో పడి ఉన్న అనాథ వృద్ధుడి శవాన్ని, ఊళ్లో ఎవరూ ముట్టుకోకపోతే, తన భుజం మీద మోసుకొచ్చింది. గట్ల మీద దాదాపు 2 కిలోమీటర్లు. ఆ వార్త మా వరండాలో చదువుతుంటే సెంట్రీ కళ్లు తుడుచుకున్నాడు.

ఈ రెంటికీ మధ్య 2020 లాక్‌డౌన్. ఒడిశా కూలీలు మా రహదారి మీదుగా ఇచ్ఛాపురం వైపు నడిచి వెళ్లేవారు. ఒక కానిస్టేబులు పొద్దున మందుల చీటీ పట్టుకుని వచ్చిన కుర్రాణ్ని పిక్కల మీద లాఠీతో కొట్టాడు. మధ్యాహ్నం అదే చెయ్యి కాళ్లు బొబ్బలెక్కిన కూలీలకు పులిహోర పొట్లాలు పంచింది. పొట్లాలకు ఫోటోలు తీశారు. ఆ పొట్లం ఆకలి తీర్చిన మాట నిజం. పిక్కల మీద వాత కూడా నిజం. కుర్రాడు నా మీద కూర్చుని చీటీ కోసం జేబులు వెతుక్కుంటుంటే నాకు పొట్లాలు గుర్తుకు రాలేదు.

తర్వాత స్టేషన్‌కు రంగులు వేశారు. గ్రానైట్ కౌంటరు, దాని మీద రిసెప్షన్ అన్న బోర్డు, వరసగా స్టీలు కుర్చీలు వచ్చాయి. పెద్ద అధికారి వచ్చే ముందు రోజు నన్ను ఇద్దరు ఎత్తి వెనక ఆవరణలో వేప చెట్టు కింద పడేశారు. నన్ను తీసేసినందుకు బాధ లేదు. కుర్చీలు మార్చినవాళ్లు, ఇన్నాళ్లూ నా మీద కూర్చున్నవాళ్లలో ఒక్కరినైనా ఇక్కడ ఎలా ఉండేదని అడగలేదు. బాధ అదీ. నా పక్కన కేసుల్లో పట్టుబడిన బండ్లు తుప్పు పట్టిపోతున్నాయి. వానకు వార్నిష్ లేచిపోయింది, ఎడమ కాలిని చెదలు తింటోంది. ప్రతి స్టేషన్లో వరండాలతో సహా సీసీ కెమెరాలు ఉండాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో ఆదేశించింది. వరండాలో నేను ఒకప్పుడు ఉన్న చోటికి ఎదురుగా ఇప్పుడొక కెమెరా ఉందట. ఆ తల్లి కూర్చున్న రాత్రి ఉండి ఉంటే ఎంత బాగుండేది.

ఈమధ్య ఒక ముసలమ్మ వచ్చింది. స్టీలు కుర్చీల దాకా వెళ్లి, భయపడి వెనక్కి వచ్చి నా మీద కూర్చుంది. కొత్తగా వచ్చిన ఆడ కానిస్టేబులు చూసింది. కాగితాలు పట్టుకుని బయటికి వచ్చి ఆవిడ పక్కన కూర్చుంది. మనవడు పింఛను డబ్బు లాక్కుని కొడుతున్నాడు. ఆ అమ్మాయి మొత్తం రాసి, చదివి వినిపించి, లోపలికెళ్లి ఎఫ్ఐఆర్ కట్టించి, నకలు తెచ్చి ఆవిడ చేతిలో పెట్టింది. రైటర్ గుర్తొచ్చి నాకు భయం వేసింది. ఈ అమ్మాయికీ బదిలీ వస్తుంది.

వారం తిరక్కుండా ఆ ముసలమ్మ ఊరి నుంచే మరొకామె వచ్చింది, చేతిలో కాగితం పట్టుకుని. వేప చెట్టు వైపు చూడను కూడా చూడలేదు. తిన్నగా మెట్లెక్కి కౌంటరు దగ్గర నిలబడి, "బాబూ, పిటీషన్ తెచ్చినాను, తీసుకోండి. నకలు కావాల" అంది. ఆవరణ దాకా వినబడేంత గట్టిగా.