జంటగా ధ్యానం చేస్తారా? కళ్ళు మూయకండి

దంపతులు కలిసి ధ్యానం చేయాలనుకుంటే ముందు ఫోన్ కట్టేయండి. ధ్యానం చేయిస్తూ అందులోంచి వచ్చే గొంతు ఎంత తీయగా ఉన్నా దానికి మీ ఇంటి సంగతి తెలియదు. ఆయన బీపీ మాత్ర వేసుకున్నాడో లేదో, కౌలు డబ్బులు చేతికొచ్చాయో లేదో దానికేం పట్టింది? ధ్యానం చెప్పే మనిషి మీ ఇద్దరిలోనే ఉండాలి. ఇవాళ ఆవిడ చెబితే రేపు ఆయన.

మనసు కుదుటపడ్డాక కూర్చుందాం అనుకోవద్దు. కుదుటపడ్డ మనసుకి ధ్యానంతో పనేముంది? పోట్లాడుకున్న రోజే, గొంతులో ఆ బిగువు ఉండగానే, మోకాళ్ళు తగిలేంత దగ్గరగా ఎదురెదురు కూర్చోండి. కళ్ళు తెరిచే ఉంచండి. మూస్తే ఎవరి లోకం వాళ్ళదే. ఆయన కనుబొమల మధ్య పడ్డ గీత, బరువు దుద్దులకి సాగిన ఆవిడ చెవితమ్మె చూస్తూ ఊపిరి లెక్కపెట్టండి. మీ ఊపిరి కాదు, ఎదుటివాళ్ళది. ఏళ్ళ తరబడి ఒకే కప్పు కింద ఉండి, ఒకరి మొహం ఒకరు తీరిగ్గా చూసుకోని జంటలంటే నాకు నిజంగా బెంగ.

ధ్యాన గురువు గోయెంకా గారి పది రోజుల విపశ్యన శిబిరాల్లో తొమ్మిది రోజులూ మాటలుండవు, మొగుడూపెళ్ళాలైనా విడివిడిగా ఉండాల్సిందే. కానీ బోధించేటప్పుడు ఆయన పక్కన భార్య ఇలాయిచీ దేవి గారు కూర్చునేవారు. నాకు ఆ నియమం కంటే ఆ పక్కపక్క కూర్చోవడమే నచ్చింది.

వేళ సంగతి. మాస్టర్ సి.వి.వి. యోగమార్గంలో ప్రార్థన ఉదయం 6కి, సాయంత్రం 6కి. ఆ మార్గాన్ని ఊరూరా చెప్పిన ఎక్కిరాల కృష్ణమాచార్య గారు 1926లో మన బాపట్లలోనే పుట్టారు. మీరు సాయంత్రం ఆరే పెట్టుకోండి. సరిగ్గా అప్పుడే పాలవాడు వస్తాడు, పిల్లలు ట్యూషన్ నుంచి వస్తారు, కుక్కరు కూస్తుంది. తలుపు మాత్రం వేయకండి. మూడో కూతకి లేచి స్టవ్ కట్టేసి, వచ్చి ఆపిన చోటు నుంచే అందుకోండి. వినేవాళ్ళకి నిద్రొస్తే పడుకోనివ్వండి, చెప్పేవాళ్ళు మాత్రం ఆపకూడదు.

సముద్రపు ఒడ్డున ఉన్నట్టు ఊహించుకోమంటాయి రికార్డింగులు. బాపట్లవాళ్ళకి ఊహ దేనికి, సూర్యలంక పక్కనే ఉండగా? అదీ కార్తీకమాసం ఆదివారం, జనం కిటకిటలాడేటప్పుడు వెళ్ళండి. ఖాళీ ఒడ్డున కుదురు ఎవరికైనా దొరుకుతుంది.

తెనాలివాళ్ళు రేపల్లె రైలెక్కండి. 34 కిలోమీటర్ల దారి. వేమూరు దాటేదాకా ఆయన చెప్పాలి. భట్టిప్రోలు వస్తుందనగా ఆవిడ అందుకోవాలి. 1892లో అలెగ్జాండర్ రీ తవ్వకాల్లో అక్కడి బౌద్ధస్తూపంలో ధాతు పేటికలు బయటపడ్డాయి. ఊపిరిని గమనించమన్న బుద్ధుడి పేరు మీద కట్టిన చోటది, ఊపిరి మాట అక్కడ ఎత్తకపోతే ఇంకెక్కడ ఎత్తుతారు? పల్లీలబ్బాయి మధ్యలో వస్తే కొనుక్కుని, నములుతూనే కానివ్వండి. ఎదుటి సీటువాళ్ళు వింటే విననివ్వండి, వాళ్ళకీ ఓ పెళ్ళి అయ్యే ఉంటుంది. రేపల్లెలో దిగగానే ఇంటికి ఫోన్ చేయకండి. వచ్చేటప్పుడు మొదట ఆవిడ చెప్పాలి, ఆయన వినాలి.

మంచిరోజు చూసుకోనక్కర్లేదు. ఈ సాయంత్రం ఆరింటికే మొదలుపెట్టండి. పొద్దుటి అలక ఇంకా తీరకపోతే మరీ మంచిది, అలాగే వచ్చి కూర్చోండి.