నురగ నదీ, పుట్టి షికారూ

తమిళనాడులోని ధర్మపురి జిల్లాలో పడవ షికారు అంటే పుట్టే. హొగెనకల్ దగ్గర కావేరిలో వెదురు బద్దలతో అల్లిన పుట్టిని తెడ్డు పట్టిన ఒక్క మనిషి నడుపుతాడు. ఇంజను ఉండదు కనుక డీజిలు చుక్క నీళ్లలో పడదు. ఎగువన బిలిగుండ్లు వద్ద కేంద్ర జలసంఘం ప్రవాహాన్ని కొలుస్తుంది; వరద పెరిగితే పుట్టిలు ఒడ్డెక్కుతాయి. లైఫ్‌జాకెట్ తప్పనిసరి. అది వేసుకుంటే సెల్ఫీ పాడవుతుందని బెంగపడే పర్యాటక జాతి ఒకటుంది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద గోదావరి వరదలో మునిగిన పాపికొండల బోటు వార్త వీరిదాకా చేరినట్టు లేదు.

ఇదే జిల్లాలోని తీర్థమలైది మరో నది. కొండ మీద రామ, అగస్త్య, కుమార, గౌరి, అగ్ని తీర్థాలు. కొంత దూరాన హనుమతీర్థం, దాని పక్కనే దక్షిణ పినాకిని. నెల్లూరి పెన్నకు ఇది తోబుట్టువు, రెండూ నంది కొండల ప్రాంతంలో పుట్టినవే. కాకపోతే దీని నుదుట బెంగళూరు పొరుగు రాసిపెట్టి ఉంది. బెళ్ళందూరు, వర్తూరు చెరువుల మురుగు చివరికి చేరేది ఇందులోకే. శుద్ధి కాని ఆ నీటిలోని డిటర్జెంట్లు హోసూరు దగ్గర కెలవరపల్లి జలాశయం దిగువన తెల్లటి నురగ గుట్టలై లేస్తాయి. బెళ్ళందూరు చెరువైతే 2015లో, 2017లో ఏకంగా మండింది. అగ్నితీర్థం తీర్థమలైకే పరిమితం కాదన్నమాట!

జాకెట్టు లేనివాణ్ని ఒడ్డునే ఆపడానికి నిబంధన ఉంది. రాష్ట్ర సరిహద్దు దాటే నురగ మాత్రం ఏ చెక్‌పోస్టులోనూ ఆగడం లేదు.