గోడలు చూడకుండా గ్యాలరీ చూసి రావడం ఎలా?

కెమెరా కంపెనీ గ్యాలరీ తెరుస్తుంటే మెయిల్‌లో ఆహ్వానం వస్తుంది. కళ, వెలుగు, క్షణం లాంటి మాటలు అందులో ఉంటాయి. మనం ఎందుకు వెళ్తామో పిలిచినవాళ్లకీ తెలుసు, మనకీ తెలుసు. అయినా దేనికైనా ఒక పద్ధతంటూ ఉండాలి కదా. లైకా వాళ్లు మొదటి గ్యాలరీని 1976లో జర్మనీలోని వెట్స్‌లార్‌లో పెట్టారు. ఇప్పుడు అన్ని దేశాల్లో కలిపి ఇరవైకి పైనే ఉన్నాయి. 2013లో లాస్ ఏంజలెస్‌లో తెరిచిన దానిలాగే చాలాచోట్ల షాపూ గ్యాలరీ ఒకే కప్పు కింద ఉంటాయి. అమెరికాలో మన సాఫ్ట్‌వేర్ సోదరుల మెడల్లోనూ ఈ కెమెరాలు వేలాడుతున్నాయి కనుక ఈ సూచనలు.

దుస్తులు: నలుపు. వేరే మాట లేదు.

కెమెరా: తప్పక తీసుకెళ్లాలి. “ఫోటోలు అక్కడ గోడ మీదే ఉంటాయి కదా, మళ్లీ ఇదెందుకు?” అని ఇంట్లోవాళ్లు అడుగుతారు. పెళ్లికి వెళ్తూ నగలెందుకని మనం అడిగామా?

ఎర్ర చుక్క: ఇదీ అసలు సంగతి. కెమెరా ముందువైపు లైకా గుర్తుగా ఉండే ఆ చుక్కను కనబడనివ్వాలా, కప్పెయ్యాలా? కప్పెయ్యండి, నల్ల టేపుతో. దీని వెనక పెద్ద చరిత్రే ఉంది. లైకాకి ప్రాణం పోసిన ఆస్కార్ బార్నాక్‌కి ఉబ్బసం. గాజు పలకలు వాడే బరువైన కెమెరా మోయలేక, సినిమా ఫిల్ముతో పనిచేసే చిన్న కెమెరాని 1914 నాటికి తయారు చేసుకున్నాడు. 1925లో లైప్‌జిగ్ వసంత మేళాలో అది లైకా పేరుతో జనం ముందుకొచ్చింది. గుప్పిట్లో ఒదిగేది, ఎవరి కంటా పడేది కాదు. ఫోటోగ్రాఫర్ హెన్రీ కార్టియే బ్రెస్సాఁ అయితే దాని మీదున్న కాస్త లోహం కూడా మెరవకుండా నల్ల టేపు అంటించుకుని వీధుల్లో తిరిగాడు. తనను ఎవరూ చూడకూడదు, తాను అందరినీ చూడాలి. అదీ ఆయన అవసరం.

మన అవసరం వేరు. ఇవాళ టేపు ముక్క కనబడితే చాలు, దాని కింద ఏముందో గదిలో అందరికీ అర్థమైపోతుంది. చుక్క కన్నా టేపే దూరానికి బాగా కనిపిస్తోంది! ఈ కిటుకు కంపెనీకి తెలియదనుకున్నారా? 2011లో ఎం9-పి అని ముందువైపు ఎర్ర చుక్క లేని మోడల్ తెచ్చి, మామూలు ఎం9 కన్నా ఎక్కువ ధర పెట్టింది. తెరకు సఫైర్ గాజు కూడా వేశారులెండి. కానీ నా చెవిన పడిన కబుర్లన్నీ లేని చుక్క గురించే.

పలకరింపు: చూపు ముందు ఎదుటివాడి ఛాతీ మీద ఆగాలి. ముఖం తర్వాత చూసుకోవచ్చు.

“ఏ బాడీ బ్రదర్?”

“ఎం11.”

“అబ్బో, అరవై మెగాపిక్సెళ్లు!”

“మరి మీది?”

“మోనోక్రోమ్. రంగులే తియ్యదు.”

రంగులు తియ్యని కెమెరాకి ఎక్కువ డబ్బు పోసినవాడిదే ఆ సాయంత్రం పైచేయి. వెనక తెర కూడా లేని మోడల్‌తో మరొకడు దిగేదాకా.

మాటలు అయిపోతే వేలం కబుర్లు ఎత్తండి. బార్నాక్ సొంతానికి వాడుకున్న కెమెరా 2022లో కోటీ 44 లక్షల యూరోలకు పోయింది. ఆయన దాంతో ఏం తీశాడని మాత్రం ఎవరూ అడగరు, భయం లేదు.

తిండి: ఎడమచేత్తో తినండి, కుడిచెయ్యి షట్టర్ మీద ఉండాలి కదా. అమ్మ చూడదు.

ఫోటోగ్రాఫర్ ఎదురైతే: ఆ రోజు గోడల మీద ఉన్నవన్నీ ఆ మనిషివే. గ్లాసు పట్టుకుని ఒక మూల ఒంటరిగా నిలబడి ఉంటారు కాబట్టి గుర్తుపట్టడం తేలిక. “ఇది ఏ లెన్సుతో తీశారండీ?” అని అడిగి, జవాబు వినగానే తల పంకించి కదిలిపోండి. బొమ్మలో ఉన్న ముసలాయన ఎవరు, ఎందుకలా చూస్తున్నాడు అని అడిగారో, సంభాషణ పొడుగవుతుంది, అవతల సమోసాలు అయిపోతాయి.

వేళాకోళం సరే. నా హార్డ్ డిస్కుల్లో వేలకొద్దీ బొమ్మలున్నాయి, ఏది ఏ లెన్సుతో తీశానో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. మా ఇంట్లో ఫ్రేము కట్టించి పెట్టుకున్నది మాత్రం మా ఊరి స్టూడియో ఆయన తీసిన అమ్మానాన్నల ఫోటో. ఆయన ఏ కెమెరా వాడాడో ఇన్నేళ్లలో ఒక్కసారీ అనిపించలేదు. నాన్న ఫోటో కోసమని జేబులో రెండు పెన్నులు పెట్టుకున్నాడేమిటా అనే ప్రతిసారీ అనిపిస్తుంది.

చివరిగా ధరల పట్టిక. గ్యాలరీల్లో అమ్ముడుపోయిన ప్రింటు పక్కన కూడా ఎర్ర చుక్కే అంటిస్తారు. మన గుంపులో మొదటి చుక్క కొననివాడు లేడు, రెండో చుక్క పెట్టించినవాడు నాకింకా తగల్లేదు. మీరు పట్టిక అడిగి తీసుకోండి. కళ్లజోడు పైకి తోసి చదవండి. “ఇంటికెళ్లి గోడ కొలుచుకుని చెప్తామండీ” అనండి. వాళ్లూ నవ్వుతూ సరే అంటారు, అలవాటే. అక్కణ్ణించి షాపు వైపు నడవండి. కొత్త 35 ఎంఎం లెన్సు వచ్చిందట, దానికి గోడ కొలవక్కర్లేదు.